ఇరవై రోజులు తిప్పినా గోదావరి రాళ్ళు మెరవలేదా? మిషన్‌ని తిట్టకండి, ముందు రాళ్ళు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. పాప పుట్టినరోజుకి రాళ్ళు పాలిష్ చేసే చిన్న మిషన్ ఆన్‌లైన్‌లో కొన్నారు. భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఏరినవి, పాపికొండల బోటు ట్రిప్పులో తెచ్చినవి, ఇంటి వెనక పడున్న కడప బండ ముక్కలు రెండు మూడు, అన్నీ కలిపి పన్నెండు రాళ్ళు, నిమ్మకాయంత సైజువి, వేశారు. కూడా వచ్చిన నాలుగు పొట్లాల పొడీ (గరుకుది ముందు, సన్నది తర్వాత, చివర పాలిష్) పుస్తకంలో చెప్పినట్టే ఒక్కోటి ఐదు రోజుల చొప్పున తిప్పారు. చివర్లో నీళ్ళలో చూస్తే ధగధగ, తుడిచి ఆరబెడితే సుద్దముక్కల్లా ఉన్నాయి. కడప బండ ముక్కలైతే బఠాణీ గింజంత మిగిలాయి. మిషన్ పనికిరానిదా, వాపసు ఇచ్చెయ్యాలా అన్నది మీ ప్రశ్న.

వాపసు ఇవ్వకండి. ఆ మిషన్ చేసే పనల్లా డబ్బాని గుండ్రంగా తిప్పడమే, అది శుభ్రంగా చేసింది. నేను రాజమండ్రిలో ఉంటాను, పదకొండేళ్ళుగా ఈ పిచ్చి ఉంది, మొదటి మిషన్ నేనే కట్టుకున్నా, మొదటి ఏడాదంతా మీకొచ్చిన రాళ్ళలాంటివే నాకూ వచ్చాయి. అప్పట్లో నేనూ మోటారునే తిట్టాను. తప్పు రెండు చోట్ల ఉంది: డబ్బాలో ఏం వేశాం, మొదటి పొడి ఎన్ని రోజులు తిప్పాం. మిగతావన్నీ చిల్లర విషయాలు.

ముందు రాళ్ళ సంగతి. మీ డబ్బాలో కనీసం మూడు జాతులు ఉన్నాయి. మీరు పెట్టిన ఫొటోలో తెల్లగా పాలలా ఉన్నవి పలుగురాళ్ళు. గోధుమరంగులో, లైటుకి అడ్డం పెడితే అంచుల్లో కొంచెం వెలుగు దూరేవి, ఒకదాంట్లో సన్నటి చారలు కూడా కనిపిస్తున్నాయి చూడండి, అవి అగేట్లు. నల్లవి కడప బండ, అంటే సున్నపురాయి. రాళ్ళ గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ స్కేలు ఉంది కదా, అందులో వజ్రం 10. పలుగురాయి 7. అగేట్ ఆరున్నర, ఏడు మధ్య. సున్నపురాయి సుమారు 3. అంటే ఏడు మీదున్న రాళ్ళతో కలిపి మూడు మీదున్న రాయిని ఇరవై రోజులు దొర్లించారన్నమాట. అది అరిగిపోవడమే కాదు, అరిగిన పిండంతా నీళ్ళలో కలిసి పొడి చుట్టూ మెత్తటి పరుపులా చేరుతుంది, మిగతా రాళ్ళకి కూడా కోత తగలదు. మీ అగేట్లు మొద్దుబారి ఉండడానికి సగం కారణం ఆ కడప బండే.

కాబట్టి మొదటి సూత్రం, ఒక డబ్బాలో ఒకే గట్టిదనం. ఇంట్లో ఎలా తెలుసుకోవాలి అంటే, ఖాళీ సీసా ఒకటి తీసుకోండి. రాయి కొసతో గాజు మీద గట్టిగా గీయండి, గీత పడి, తడివేలితో రుద్దినా పోకపోతే ఆ రాయి డబ్బాలోకి వెళ్ళొచ్చు. అలాగే చాకు మొనతో రాయి మీద గీయండి. తెల్ల పొడి రాలుతూ గాడి పడితే మెత్తరాయి, పక్కన పెట్టెయ్యండి. ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి, అది సున్నపురాయి అని ఖాయం. పాలరాయికీ అంతే, షాబాద్, తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళకీ అంతే. ఇవన్నీ నేల మీద పరిస్తే నున్నగా ఉంటాయి కదా, ఇంకేం తేలిగ్గా మెరుస్తాయి అనుకుంటారు. బల్లపరుపుగా సానబట్టడం వేరు, డబ్బాలో దొర్లించడం వేరు.

గ్రానైటు గురించి చాలామంది అడుగుతారు, ఎందుకంటే కరీంనగర్ వైపైనా, చీమకుర్తి వైపైనా కటింగ్ దగ్గర మిగిలిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. గ్రానైటు ఒకే ఖనిజం కాదు, మూడు నాలుగు ఖనిజాల గుంపు. పలుగు గట్టిది, పక్కనే ఉన్న అభ్రకం మెత్తనిది, అది ముందే అరిగి గుంటలు పడతాయి, ఆ గుంటల్లో పొడి దాక్కుంటుంది. సన్న గింజ ఉన్న నల్లరాయి కొంత నయం. కొత్తవాళ్ళకి అసలు వద్దు.

ఇక అగేట్. మన గోదావరి పుణ్యం ఇదే. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టి మహారాష్ట్రలో చాలా దూరం నది పారేది లావా గడ్డ మీద, దక్కన్ ట్రాప్స్ అంటారు, దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం పారిన లావా. ఆ లావా గట్టిపడేటప్పుడు లోపల గాలి బుడగలు ఉండిపోయాయి. తర్వాత ఆ ఖాళీల్లోకి సిలికా కలిసిన నీరు దిగి, పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అయ్యింది. చుట్టూ ఉన్న నల్లటి లావా రాయి ఎండకీ వానకీ మన్నైపోతుంది, లోపలి అగేట్ పోదు, ఏరులోకి దొర్లి, కొట్టుకుంటూ మన దాకా వస్తుంది. అందుకే భద్రాచలంలో ఎవరూ గనిలో తవ్వకుండా మీ కాళ్ళ కింద అగేట్ దొరికింది. కృష్ణ, భీమ నదుల గులకల్లోనూ ఉంటాయి. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ వైపు ఆ లావా నేల ఉంది కాబట్టి చేలగట్ల మీదే కనిపిస్తాయి. మా ఊరి పక్కన కాతేరులోనూ ఆ నల్లరాయి ఉంది. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అది అని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. రోజూ ఆ దారిన బండి మీద వెళ్తూ ఈ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రాళ్ళ కోసం ఏటికి పోనక్కర్లేదు కూడా. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే మేస్త్రీలు ఇసుక జల్లెడ పట్టాక మిగిలిన గులకల కుప్ప పక్కన పోస్తారు చూడండి, అదే మన బంగారు గని. అడిగితే బస్తాకెత్తి ఇస్తారు, పీడా వదిలిందని. ఒక తట్ట గులకలు బకెట్ నీళ్ళలో పోసి ఎండలో కూర్చుని ఏరితే పది పన్నెండు అగేట్లు, ఒకటో రెండో ఎర్రటి జాస్పర్లు (అగేట్ చుట్టాలే, కాకపోతే వెలుగు దూరదు), కావలసినన్ని పలుగురాళ్ళు దొరుకుతాయి. మా మనవడికి ఆదివారం పొద్దున్న పని అదే.

పాపికొండల దగ్గర తెచ్చానన్నారు, ఈసారి తేకండి. అది నేషనల్ పార్కు, అక్కడ రాయి కూడా కదపకూడదు. అలాగే సంగారెడ్డి దగ్గర కొండాపూర్ లాంటి శాతవాహనుల నాటి దిబ్బల మీద అగేట్ ముక్క కనిపిస్తే ముట్టుకోకండి. అక్కడి వాటిలో కొన్ని రెండు వేల ఏళ్ళ నాటి పూసలు. చిల్లు పడ్డ రాయిని డబ్బాలో వేసి తిప్పితే చరిత్రని బురద చేసినట్టే.

ఇంకో హెచ్చరిక. పులివెందుల వైపు పచ్చగా, నున్నగా, సన్నటి తెల్ల నార చారలున్న రాయి దొరుకుతుంది, చూడ్డానికి చాలా ముద్దుగా ఉంటుంది. ఆ నార ఆస్బెస్టాస్. పగలగొట్టకండి, అరగదీయకండి, ఇంటికే తేకండి.

రాళ్ళు ఏరాక పగుళ్ళు చూడాలి. తడిపి, గుడ్డతో పైపైన అద్ది, గాలికి వదలండి. ఒళ్ళంతా ఆరిపోయాక కూడా ఒక గీత మాత్రం తడిగా నల్లగా కనిపిస్తుంటే అక్కడ పగులుంది. అది మూడో వారంలో డబ్బాలో విరుగుతుంది, ఆ విరిగిన పదును అంచు మిగతా రాళ్ళన్నిటినీ గీరుతుంది. నాకైతే ఒక్క రాయి వల్ల మొత్తం డబ్బా మళ్ళీ మొదటికొచ్చిన సందర్భాలు నాలుగైదున్నాయి. అలాంటి రాయిని సుత్తితో అక్కడే విరగ్గొట్టి రెండుగా వేసుకోండి. గోనెగుడ్డలో చుట్టి కొట్టండి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని. పాపని దూరంగా ఉంచండి, అగేట్ పెచ్చు బ్లేడుకన్నా తక్కువేం కాదు.

సైజు. మీరు పన్నెండు రాళ్ళూ ఒకే సైజువి వేశారు, డబ్బా సగమే నిండింది. రెండూ తప్పే. పెద్దవి రెండు మూడు, ఉసిరికాయంతవి ఎక్కువ, శెనగగింజ నుంచి చింతగింజ దాకా చిన్నవి ఒక పిడికెడు, ఇలా కలిపి డబ్బా మూడింట రెండొంతులు దాటి, ముప్పావు దాకా నిండాలి. రాళ్ళు ఎగిరి పడకూడదు, ఒకదాని మీద ఒకటి జారుతూ దొర్లాలి. చిన్నవి లేకపోతే పెద్దవాటి మధ్య సందుల్లోకి పొడి చేరదు. సగం డబ్బాలో రాళ్ళు దభీ దభీమని పడి దెబ్బలు తింటాయి. మీ పలుగురాళ్ళ మీద గోటిగీరు లాంటి నెలవంక మచ్చలున్నాయే, కొన్ని ఏటిలో పడ్డవి, కొన్ని మీ డబ్బాలో పడ్డవి. శబ్దం వింటే తెలిసిపోతుంది. వాన చప్పుడులా ఒకే తీరుగా వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు, టకటకా కొట్టుకుంటుంటే రాళ్ళు తక్కువైనట్టు, అసలు చప్పుడే లేకపోతే కూరి నింపేసినట్టు.

నీళ్ళు పై వరస రాళ్ళ సందుల్లో కనిపించేంత, మునిగేంత కాదు. పొడి, మీ మిషన్ కిలోంపావు డబ్బా కాబట్టి, పెద్ద టేబుల్ స్పూన్‌తో నాలుగు.

ఇప్పుడు అసలు విషయం, మొదటి పొడి. దాన్ని 60/90 అంటారు (అది గింజ సైజు, నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం), సిలికాన్ కార్బైడ్, మన బజారు భాషలో కార్బోరండం. ఎడ్వర్డ్ ఆచెసన్ అనే అమెరికా ఆయన 1890ల మొదట్లో కృత్రిమ వజ్రాలు చేద్దామని కుస్తీపడుతుంటే ఇది తగిలింది. కార్బన్, కోరండం రెండు మాటలూ కలిపి పేరు పెట్టాడు. ఆ కోరండం అన్న ఇంగ్లీషు మాటకి మూలం మన కురువిందం, తమిళుల కురుందం. మన సానరాయి పేరే అమెరికా దాకా పోయి పొట్లంలో తిరిగొచ్చింది!

ఆ పొడి గింజలు పదునుగా ఉంటాయి, విరిగినా మళ్ళీ పదును అంచులతోనే విరుగుతాయి, అందుకే అంత బాగా కోస్తాయి. కానీ వారం తిరిగేసరికి విరిగి విరిగి పిండైపోతాయి. ఇక ఆ తర్వాత ఎన్ని రోజులు తిప్పినా కరెంటు దండగ. అందుకని వారానికోసారి తెరిచి, కడిగి, రాళ్ళు చూసి, కొత్త పొడి వేసి మళ్ళీ తిప్పాలి. ఎన్నిసార్లు? రాయి గుండ్రంగా, గుంట లేకుండా, మచ్చ లేకుండా అయ్యేదాకా. అగేట్‌కి మామూలుగా మూడు నాలుగు వారాలు, మొండివాటికి ఆరు. మీరు ఐదు రోజుల్లో దాటేశారు. పుస్తకంలో ఐదు రోజులని ఎందుకు రాస్తారంటే పిల్లలకి అంతకన్నా ఓపిక ఉండదని. రాయికి ఆ సంగతి తెలీదు.

ఇది ఇంకోసారి నొక్కి చెప్తాను. మొదటి దశలో పోని గుంట ఇంకే దశలోనూ పోదు. రెండో పొడి మొదటి పొడి గీతల్ని మాత్రమే తుడుస్తుంది, మూడోది రెండోదాని గీతల్ని. పాలిష్ పొడి దేన్నీ కొయ్యదు, ఉన్నదాన్ని మెరిపిస్తుంది అంతే. గుంటలున్న గోడకి ఎంత ఖరీదైన రంగు వేసినా గుంటలే కనిపిస్తాయి కదా, మన పెయింటర్లు లప్పం పెట్టి, రుద్ది, మళ్ళీ పెట్టి రుద్దేది అందుకే. మొదటి దశ అంటే లప్పం పని.

నేనేం చేస్తానంటే, వారం వారం తెరిచినప్పుడు అయిపోయిన రాళ్ళని తీసి ఒక సీసాలో దాస్తాను, వాటి చోట కొత్తవి వేస్తాను. సీసా నిండాకే రెండో దశ. మొదటి డబ్బా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. రాళ్ళు పావువంతు దాకా అరిగిపోతాయి, దానికి ఏడవకండి.

రెండో దశ 120/220, వారం పది రోజులు. మూడోది 500 లేదా 600, అదీ అంతే. నాలుగోది పాలిష్, అల్యూమినియం ఆక్సైడ్, వారం. రెండో దశ నుంచి డబ్బాలో ఖాళీ వస్తుంది కాబట్టి నింపడానికి ఏదైనా వెయ్యాలి. మెటల్ ఫినిషింగ్ షాపులవాళ్ళు వాడే సెరామిక్ ముక్కలు మంచివి. నేను చాలాకాలం చిన్న పలుగు గులకల్నే రాళ్ళతో పాటు అన్ని దశలూ తిప్పి వాడుకున్నాను. ప్లాస్టిక్ గింజలు వేస్తే ఒక దశలో వాడినవి తర్వాతి దశలో వెయ్యొద్దు, గరుకు పొడి వాటికి అతుక్కుని ఉంటుంది.

దశ మారేటప్పుడు కడగడం గురించి మా ఆవిడ మాటే చెప్తాను. "వంటింట్లో గిన్నె ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా తోమారా?" అంది. అంత శ్రద్ధ కావాలి. ఒక్కటంటే ఒక్క 60 నంబరు గింజ పాలిష్ దశలోకి పోతే నెల కష్టం గీతలపాలు. రాళ్ళు, డబ్బా, మూత, మూత అంచులోని గాడి, మీ గోళ్ళ సందులు, అన్నీ. పాత టూత్‌బ్రష్ పెట్టుకోండి. గుంటలున్న రాయి పొడిని దాచుకుని వస్తుంది, దాన్ని పక్కకి తీసెయ్యండి, జాలి వద్దు. వీలైతే పాలిష్‌కి వేరే డబ్బా ఉంచుకోండి.

కడిగిన నీళ్ళు మాత్రం సింకులో, బాత్‌రూమ్‌లో పొయ్యకండి. చచ్చినా పొయ్యకండి. ఆ బురద పైపు వంపులో దిగి సిమెంటులా బిగుసుకుంటుంది. నేను మూడు నెలలు పోశాను, నాలుగో నెల బాత్‌రూమ్‌లో నీళ్ళు మడమల దాకా నిలిచాయి. ప్లంబరు పైపు కోసి చూపిస్తే లోపల బూడిదరంగు రాయి! కొత్త పైపు, టైల్స్ పగలగొట్టి మళ్ళీ వెయ్యడం, అన్నీ కలిపి మంచి మిషన్ ఒకటి వచ్చేది ఆ డబ్బుతో. ఇప్పుడు మూడు బకెట్లు పెట్టుకుంటాను, ఒక దాంట్లో తేటపడ్డాక పై నీళ్ళు పెరట్లో గోడవార పారబోస్తాను, అడుగు బురద పాత పాలకవర్లో కట్టి చెత్తలోకి.

ఆ బురద ఎండి పొడైతే ఊదకండి, పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఇది చాదస్తం కాదు. గుజరాత్‌లో ఖంభాత్ అని ఊరుంది, రాజ్‌పీప్లా దగ్గరి రతన్‌పూర్ అగేట్లని తరతరాలుగా అక్కడ పూసలుగా చేస్తున్నారు. యంత్రాలు లేని రోజుల్లో పూసల్ని తోలుసంచిలో రాతిపొడి, నీళ్ళతో కలిపి మూటగట్టి, ఇద్దరు మనుషులు గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి పది పదిహేను రోజులు దొర్లించేవారు. మన మిషన్ తాతగారు ఆ తోలుసంచే. కానీ అక్కడే పొడిగా అరగదీసే పనిలో ఉన్న ఎంతోమందికి సిలికోసిస్ వచ్చింది, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిధూళి మళ్ళీ బయటికి రాదు. మనది మూతపెట్టిన డబ్బాలో తడిపని కాబట్టి భయం లేదు, తడి తడిగా ఉన్నంతవరకే.

మూత గురించి కూడా. కొన్ని రాళ్ళ వల్ల లోపల గ్యాస్ పుడుతుంది, మొదటి రెండు మూడు రోజులు రోజుకోసారి మూత తీసి బిగించండి. నేను ఒకసారి రాళ్ళు ఏరకుండా వేసి, ఊరెళ్ళి మూడో రోజు వచ్చాను. స్టోర్ రూమ్‌లో మూత ఎగిరి, బూడిద బురద గోడంతా చిమ్మి ఉంది. ఆ గోడకే ఆవకాయ జాడీలున్నాయి. అప్పటి నుంచి మిషన్ వరండాలో ఉంటోంది, దానికి కారణం మిషన్ కాదు, ఆవకాయ.

వరండా అయితే ఇంకో లాభం, చప్పుడు. ఇరవైనాలుగు గంటలూ తిరుగుతుంది కాబట్టి అపార్టుమెంట్లో కింద పోర్షన్‌వాళ్ళు తలుపు కొడతారు. పాత దిండు మీదో, మందపాటి ఫోమ్ మీదో పెట్టండి, మీద మాత్రం దుప్పటి కప్పకండి, మోటారు కాలుతుంది. మన మే నెల ఎండల్లో నేను మధ్యాహ్నాలు ఆపేస్తాను, ఆగితే రాళ్ళకి నష్టం లేదు. కరెంటు పోయినా టెన్షన్ వద్దు, వచ్చాక మళ్ళీ తిరుగుతుంది. బిల్లు గురించి అడుగుతారు, 25 వాట్ల మోటారు 28 రోజులు ఆగకుండా తిరిగితే 17 యూనిట్లు అవుతుంది. బెల్టు అర్ధరాత్రి తెగుతుంది, అదేంటో ఎప్పుడూ అర్ధరాత్రే. అదనంగా రెండు తెచ్చి పెట్టుకోండి.

ఇక పొడి కొనడం. పొట్లాలు అయిపోయాక మళ్ళీ అదే కంపెనీ పొట్లాలు కొనకండి, రేటు దారుణం. అబ్రేసివ్ సామాను అమ్మే షాపుల్లో సిలికాన్ కార్బైడ్ పొడి నంబరు చెప్పి అడిగితే కిలోల్లో ఇస్తారు. 80, 220, 600 మూడు తెచ్చుకుంటే చాలు. మెకానిక్‌ల దగ్గర దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు తేకండి, అందులో జిడ్డు ఉంటుంది. పాలిష్‌కి గాజు పనివాళ్ళు వాడే సీరియం ఆక్సైడ్ కూడా అగేట్‌కి అద్భుతంగా పనిచేస్తుంది, ఖరీదు ఎక్కువ. టూత్‌పేస్టు, విభూతి, ముగ్గుపిండి వేశామని చెప్పినవాళ్ళని చూశాను. వేసుకోండి, రాళ్ళు మంచి వాసనొస్తాయి.

మిషన్ మనమే కట్టుకోవచ్చా అని ఎవరైనా అడుగుతారు కాబట్టి ఒక ముక్క. నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండు మూతలు, లోపల సైకిల్ ట్యూబు అంటిస్తే డబ్బా తయారు. అది నిమిషానికి 50, 60 చుట్లు తిరగాలి. బాగా ఎక్కువైతే రాళ్ళు గోడకి అతుక్కుని డబ్బాతో పాటే తిరుగుతాయి, దొర్లవు. నేను ఆటోనగర్ తుక్కులో కారు వైపర్ మోటార్లు తెచ్చి వాడాను, రెండు కాలిపోయాయి, అవి రోజంతా తిరగడానికి చేసినవి కావు మరి. మిక్సీ మోటారు అసలు వద్దు. వైబ్రేటింగ్ మిషన్లు కూడా ఉన్నాయి, రోజుల్లో పని అయిపోతుంది, కానీ రాయి ఆకారం గుండ్రబడదు, పైగా రోజూ దాని చుట్టూ కాపలా కాయాలి. నాకు నచ్చలేదు.

మీ కడప బండ ముక్కలు మిగిలుంటే పారెయ్యకండి. కార్ల పెయింటింగ్ వాళ్ళు వాడే వాటర్ పేపర్ తెచ్చి, 120, 220, 400, 800, 1500 వరసలో నీళ్ళు చల్లుతూ పాపనే రుద్దమనండి. గంటా గంటన్నరలో అరచేతిలో నల్లటి అద్దం వస్తుంది. మెత్తరాయికి చెయ్యే మిషన్. అదే పని అగేట్‌తో మొదలుపెడితే పాప పెళ్ళీడుకొస్తుంది.

ఇప్పుడున్న రాళ్ళకి ఏం చెయ్యాలి? కడప బండ, పగుళ్ళున్నవి తీసెయ్యండి. మిగిలిన పలుగు, అగేట్లకి జల్లెడ గులకల్లోంచి ఏరినవి కలిపి ముప్పావు డబ్బా చెయ్యండి, మళ్ళీ మొదటి పొడితో మొదలు. ప్రతి ఆదివారం తెరవండి. పాపతో ఒక నోట్‌బుక్ పెట్టించండి, తేదీ, ఏ పొడి, ఎన్ని చెంచాలు, ఎన్ని రాళ్ళు తీశాం. నాలుగో ఆదివారానికి సీసా సగమైనా నిండుతుంది. రెండు, మూడు దశలు అయ్యాక మూడో దశ రాయిని ఆరబెట్టి కిటికీ దగ్గర పట్టుకుంటే చువ్వల నీడ మసకగా కనిపించాలి. కనిపించకపోతే పాలిష్‌కి వెళ్ళకండి, ఇంకో నాలుగు రోజులు తిప్పండి. పాలిష్ అయ్యాక ఒళ్ళు రుద్దుకునే సబ్బు ఒక చెంచా తురిమి, నీళ్ళతో ఒక రాత్రంతా తిప్పితే సందుల్లో మిగిలిన తెల్ల పొడి కూడా వదిలిపోతుంది. పాలిష్‌కి, సబ్బుకి మాత్రం నేను ఫిల్టర్ నీళ్ళే వాడతాను, మా బోరు నీళ్ళతో రాయి మీద తెల్లటి పొర వస్తోంది.

తడిసిన రాయి ఏదైనా మెరుస్తుంది, రోడ్డు మీద కంకర కూడా. రెండో బ్యాచ్ అయ్యాక ఫొటో పెడతానన్నారు కదా, తుడిచి, గంటసేపు ఫ్యాన్ కింద ఆరబెట్టి, అప్పుడు తీసి పెట్టండి.